మూడో వరసలో ఒక చెయ్యి



నేను వయొలిన్ వాయిస్తాను. సోలో కచేరీలు చేసింది తక్కువ. నలభై ఏళ్లుగా నాది పక్కవాద్యం. గాయకుడి ఎడమ పక్కన కూర్చుని, ఆయన వెళ్లిన దారినే వెళుతూ, ఆయన ఆగినచోట ఆగుతూ గడిపాను. ఈ చోటుకి ఒక సౌకర్యం ఉంది. పాడేవాళ్లకి పాట తప్ప వేరే ధ్యాస ఉండదు, చాలామంది కళ్లు మూసుకునే పాడతారు. మృదంగం ఆయన గాయకుడి నోటినీ చేతినీ కనిపెట్టుకుని ఉండాలి. మాకు మాత్రం మధ్యమధ్యలో కొంచెం తీరిక దొరుకుతుంది. తని ఆవర్తనం మొదలైందంటే పది పదిహేను నిమిషాలు చేతిలో పనే ఉండదు. కమాను ఒళ్లో పెట్టుకుని, తాళం వేస్తూ, ఎదురుగా కూర్చున్నవాళ్లని చూస్తాను. అలా చూసిన ముఖాల గురించీ, చేతుల గురించీ ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను.

కచేరీ వరస మీకు తెలిసిందే. వర్ణం, రెండు మూడు చిన్న కీర్తనలు, తర్వాత ఒక పెద్ద రాగం, కీర్తన, స్వరకల్పన, తని, చివరికి తేలిక పాటలు. అరియక్కుడి రామానుజ అయ్యంగారు వేసిన ఆ బాటలోనే దాదాపు అందరం నడుస్తున్నాం. ఇందులో నేను ఎదురుచూసేది పెద్ద రాగం ఆలాపన మొదలయ్యే మొదటి నిమిషం కోసం. అది ఏ రాగమో వేదిక మీద ఎవరూ చెప్పరు. గాయకుడు ఒక్క సంచారం అనేసరికి సభలో పెదవులు కదులుతాయి. ఒకాయన పక్కకి వంగి కూతురి చెవిలో "తోడి" అంటాడు. ఆ మాట నాకు వినబడదు, కనబడుతుంది.

రాజమండ్రిలో ఒక కచేరీలో గాయకుడు దేవగాంధారి అందుకున్నాడు. ఆరభికీ దేవగాంధారికీ మెట్లు ఒకటే. ఎక్కేటప్పుడు గాంధారం, నిషాదం ఉండవు, దిగేటప్పుడు అన్నీ ఉంటాయి. తేడా అంతా నడకలో ఉంది. ఆరభి చురుగ్గా నడుస్తుంది, దేవగాంధారి నిదానంగా, ప్రతి స్వరం దగ్గరా కాస్త ఊగి మరీ కదులుతుంది. ముందు వరసలో ఒక పెద్దాయన, పక్కన పదేళ్ల మనవడు. మొదటి సంచారానికే ఆయన పెదవులు "ఆరభి" అన్నాయి. పిల్లవాడు తల ఊపాడు. గాయకుడు ఇంకొంచెం నెమ్మదించి, గాంధారం మీదికి జారి, అక్కడ నిలబడ్డాడు. పెద్దాయన ముఖంలో రంగు మారింది. కాదు కాదన్నట్టు తల అడ్డంగా తిప్పి, మళ్లీ వంగి, ఈసారి ఐదక్షరాల పేరు చెప్పాడు. పిల్లవాడికి అనుమానం వచ్చింది, తాతగారిని నమ్మాలా వద్దా అని. తిన్నగా నా వంక చూశాడు. నేను తల ఊపాను, రెండోసారి చెప్పిందే నిజమని. వాడు నవ్వి తాతగారి భుజానికి ఆనుకున్నాడు. తర్వాత నా వంతు వచ్చినప్పుడు ఆ రాగం నేను వాళ్లిద్దరికే వాయించాను. తాతగారు తప్పు దిద్దుకున్న చోటు ఆ గాంధారమే కాబట్టి, దాని దగ్గర ఇంకాస్త సేపు ఆగాను.

ఇప్పుడు చెప్పబోయేది నా మొదటి రోజుల మాట. నాకు అప్పటికి ఇరవై మూడో ఇరవై నాలుగో. ఒక పెద్ద విద్వాంసుడికి పక్కవాద్యం. ఆయన రాగం తానం పల్లవి ఎత్తుకున్నారు. ఖండజాతి త్రిపుట తాళం. అంటే ఒక దెబ్బ వేసి నాలుగు వేళ్లు లెక్కపెట్టడం, తర్వాత దెబ్బా తిప్పడం రెండుసార్లు, మొత్తం తొమ్మిది అక్షరాలు. మామూలుగా గాయకుడు తొడ మీద వేసే తాళం చూసుకుంటూ వాయించుకుంటాం. ఆ రోజు చలి. ఆయన ఒళ్లో శాలువా పరచుకున్నారు, కుడి చెయ్యి ఆ మడతల చాటున పడింది. స్వరకల్పనలో నా వంతు వచ్చింది. మూడో ఆవర్తనంలో లెక్క జారిపోయింది. చెమటలు పట్టాయి. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, ఎక్కడ దిగాలో మాత్రం తెలియదు. మృదంగం ఆయన వైపు చూశాను, ఆయన నా లెక్క సరిగ్గానే ఉందనుకుని ఉత్సాహంగా వాయిస్తున్నారు.

మూడో వరసలో ఒకాయన ఉన్నారు. తెల్ల కండువా, బక్కపలచని మనిషి. అప్పటిదాకా చెయ్యి కండువా కిందే ఉంది. ఆ చెయ్యి బయటికి వచ్చింది. మోకాలి మీద కాదు, గుండె ఎత్తుకి తెచ్చి, నాకు కనబడేలా పెట్టి, దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, అలా వరసగా వేస్తున్నారు. ఒక్కసారి కూడా నా వంక చూడలేదు. మృదంగం మీదే దృష్టి ఉన్నట్టు అటే చూస్తున్నారు. నాకు సాయం చేస్తున్నట్టు పక్కవాళ్లకి తెలియకూడదని అలా చూస్తున్నారని నాకు అర్థమైంది. ఆ వేళ్లు పట్టుకుని రెండు ఆవర్తనాలు నడిచాను. పల్లవి ఎత్తుగడ దగ్గర సరిగ్గా దిగాను. గాయకుడు "శభాష్" అన్నారు. ఆ శభాష్ ఎవరికి చెందాలో సభ మొత్తంలో ఇద్దరికే తెలుసు. చెయ్యి మళ్లీ కండువా కిందికి వెళ్లిపోయింది.

కచేరీ అయ్యాక వయొలిన్ పెట్టెలో పెట్టకుండానే కిందికి పరుగెత్తాను. ఆఖరి బస్సు అందుకోవాలని వెళ్లిపోయారన్నారు. మళ్లీ ఎక్కడా కనబడలేదు. అప్పటినుంచి నేను ఎక్కడ కూర్చున్నా తాళం కొంచెం పైకి, నలుగురికీ కనబడేలా వేస్తాను. తని మధ్యలో మృదంగం ఆయన నడక మార్చి, నాలుగు ఉన్నచోట ఐదు పలికించినప్పుడు, సంగీతం నేర్చుకుంటున్న ఆడపిల్లలు గందరగోళపడి చేతులు ఆపేస్తారు. అప్పుడు వాళ్ల చూపు నా చేతి మీదికి వస్తుంది. ఒకటి రెండు ఆవర్తనాలు నాతో వేసి, మళ్లీ దారిలో పడతారు. చివరి ముక్తాయింపు మూడుసార్లు తిరిగి సమానికి వచ్చి పడుతుంది చూడండి, అప్పుడు వాళ్లలో ఒక పిల్ల చెయ్యీ నా చెయ్యీ ఒకేసారి తొడ మీద పడితే, ఆ పిల్ల ముఖం ఇంత వెలుగుతుంది.

నాకు ఇలా జనాన్ని చూసే అలవాటు మా నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. మా ఊళ్లలో హార్మోనిస్టు రంగస్థలానికి ఒక పక్కన, జనానికి దగ్గరగా కూర్చుంటాడు. రాత్రి పది గంటలకి తెర లేస్తే తెల్లారేదాకా నాటకం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకమైతే కాటిసీను కోసం జనం నిద్ర ఆపుకుని కూర్చునేవారు. నాటకంలో లేని జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా ఆ సీనులో వచ్చి చేరాయి. అవి పాడకపోతే ఊరుకునేవారు కాదు. పద్యం అయ్యాక నటుడు రాగం తీస్తాడు. గుక్క తిప్పుకోకుండా పైకి వెళ్లి, అక్కడ నిలిచి, దిగి వచ్చేసరికి వెనక చాపల మీద నుంచి "వన్స్ మోర్" అని కేక లేస్తుంది. నటుడు నాన్నగారి వంక చూసేవాడు. కళ్లతోనే ఒక ప్రశ్న, కళ్లతోనే ఒక జవాబు. మళ్లీ పాడేవాడు.

రాగాలు మరీ సాగదీసి నాటకాన్ని చంపుతున్నారని ఆ రోజుల్లోనే విమర్శ ఉండేది. అందులో నిజం లేకపోలేదు. కానీ నాన్నగారి పక్కన కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు ఇంకో సంగతి తెలుసు. రెండోసారి పాడేటప్పుడు నటుడు గుంపు మొత్తానికీ పాడేవాడు కాదు. కేక వచ్చిన వైపుకి తిరిగి, కేక వేసిన మనిషిని చీకట్లో వెతుక్కుంటూ పాడేవాడు. రెండోసారి మొదటిదానిలా ఉండకూడదనేవారు నాన్నగారు. "అడిగినవాడికి అదనంగా ఒక పిడికెడు వెయ్యాలిరా" అనేవారు.

ఒక శీతాకాలం తెల్లవారుజామున నాటకం అయిపోయింది. జనం చాపలు చుట్టుకుని వెళ్లిపోతున్నారు. నాన్నగారు హార్మోనియం పెట్టెకి తాడు కట్టేశారు, బండి ఎక్కించడమే మిగిలింది. గొంగడి కప్పుకున్న ఒక మనిషి వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదలడు. నాన్నగారే పిలిచి ఏం కావాలన్నారు. "పద్యం వద్దయ్యగారూ. చివర తీశారే, ఆ రాగం ఒక్కటి పెట్టె మీద వినిపిస్తారా? చేలోకి పోతా, మరిచిపోతానని" అన్నాడు. నాన్నగారు మాట్లాడకుండా తాడు విప్పారు. మంచులో బండి పక్కన నేల మీదే కూర్చుని, ఆ సంచారం ఒకసారి వాయించారు. అతను కళ్లు మూసుకుని మెల్లగా కూనిరాగం తీశాడు. ఒకచోట తప్పిపోతే నాన్నగారు అక్కడికే వెనక్కి వచ్చి మళ్లీ వాయించారు. మూడోసారికి కుదిరింది. అతను రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. గట్టు మీద చాలా దూరం దాకా ఆ రాగం వినబడుతూనే ఉంది. నాన్నగారు అది పూర్తిగా వినబడటం మానేదాకా బండి కదలనివ్వలేదు.

మన సభలకీ చెన్నపట్నం సభలకీ నాకు కనబడే తేడా ఒకటి చెబుతాను. అక్కడి రసికుల చెవి రాగం మీదా, లయ మీదా మహా పదునుగా ఉంటుంది. భాష తెలియకపోయినా త్యాగరాజ కీర్తనకి కళ్లు చెమర్చుకునేవాళ్లని ఎందరినో చూశాను, వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఇక్కడ మనవాళ్ల చెవి మాట మీద ఉంటుంది. గాయకుడు నెరవల్ చేస్తూ మాటని కూడని చోట విరిస్తే, అర్థం తలకిందులైతే, ముందు వరసలో ఎవరో ఒకరికి ముల్లు గుచ్చుకున్నట్టవుతుంది. ఒకసారి తమిళదేశం నుంచి వచ్చిన ఒక మంచి గాయకుడు అలాగే విరిచారు. ముందు కూర్చున్న ఒక పంతులమ్మగారు, నాకు పంతులమ్మలాగే అనిపించారు, కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆయన అది చూశారు. చూసి, ఆలోచించి, రెండుసార్లు చుట్టూ తిరిగి, మూడోసారి మాటని కలిపి పాడారు. ఆవిడ కళ్లు తెరిచి తల వంచారు. ఆయన కూడా తల వంచారు. నలభై ఏళ్లలో నేను చూసిన గొప్ప పాఠాల్లో అదొకటి. అందులో ఒక్క మాట కూడా లేదు.

మా గురువుగారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1919లో పెట్టిన కళాశాల అది. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. కాలికి గజ్జె కట్టి, జనంతో మాటలాడుతూ, వాళ్ల చేత గోవింద కొట్టిస్తూ హరికథ నడిపిన మహానుభావుడు. ఆయన తర్వాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ స్థానంలోకి వచ్చారు. నాయుడుగారికి చూపు బాగా తక్కువ. నల్ల కళ్లద్దాలతో ఉన్న ఆయన ఫొటో వయొలిన్ వాయించే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎదుటి ముఖాలు సరిగా కనబడని ఆ మనిషికి సభ ఎలా తెలిసేదా అని చిన్నప్పటినుంచీ ఆలోచించేవాణ్ణి. ఒకరోజు నేనూ కళ్లు మూసుకుని కూర్చుని చూశాను.

సభకి చప్పుడు ఉందండీ. విననప్పుడు ఒక చప్పుడు, వింటున్నప్పుడు ఇంకొకటి. విననప్పుడు కుర్చీలు కిర్రుమంటాయి, గాజులు కదులుతాయి, దగ్గు ఒక మూల మొదలై ఇంకో మూలకి పాకుతుంది. మంచి సంచారం పడిందా, ఫ్యాన్ల చప్పుడు ఒక్కసారిగా పెద్దదవుతుంది. ఫ్యాన్లు అవే, చుట్టూ ఉన్నవన్నీ ఆగిపోయాయి. ఆ తర్వాత ఎక్కడో నాలుక అంగిట తాకిన చిన్న "చ్చ్", ఎవరో గట్టిగా విడిచిన ఊపిరి. చప్పట్లకంటే అది పెద్ద మెప్పు. చప్పట్లు మర్యాదకి కూడా కొడతారు. ఆ ఊపిరి మర్యాద కోసం రాదు.

గుడి కచేరీల్లో ఇంకొకటి ఉంటుంది. వినడానికే వచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు, ఏదో పని చేసుకుంటూ వినేవాళ్లు పక్కన ఉంటారు. దసరా రోజుల్లో ఒక అమ్మవారి గుడి మండపంలో వాయిస్తున్నాను. స్తంభం పక్కన ఒకావిడ కనకాంబరాలు, మరువం కడుతోంది. దారం కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండు పూలు, ఒక ఆకు, ముడి, మళ్లీ రెండు పూలు. మా వైపు చూడటం లేదు. గాయకుడు సహాన పాడుతున్నారు. ఆయన తర్వాత నేను అందుకున్నాను. ఒక రిషభం దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. పూలు వేళ్ల మధ్య, దారం బిగువుగా, అలాగే. నేను ముగించేదాకా ముడి పడలేదు. తర్వాత చెయ్యి తనంతట తనే కదిలింది, ఆవిడకి ఆగిన సంగతి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. సహాన ఎప్పుడు సాధన చేసినా ఆ చెయ్యి గుర్తుకొస్తుంది. అది ఆగలేదనిపిస్తే మళ్లీ మొదలుపెడతాను.

ఈ మధ్య హాళ్లలో దీపాలన్నీ వేదిక మీదికి తిప్పి, జనాన్ని చీకట్లో కూర్చోబెడుతున్నారు. నిర్వాహకులకి నాదొక విన్నపం. సినిమాకి చీకటి కావాలి, కచేరీకి వద్దు. పందిట్లో పెట్రోమాక్స్ దీపం వేలాడదీసినప్పుడు కూడా మాకు వెనక వరసల దాకా ముఖాలు కనబడేవి. కాస్త వెలుగు ఉంచండి. శ్రోతలకి కూడా ఒక మాట. ఫోను ఎత్తి రికార్డు చేసుకుంటున్నప్పుడు మీ ముఖం దాని వెనక దాక్కుంటుంది. ఒక్క పాటకి దాన్ని దించి కూర్చోండి. మీ ముఖం మాకు అవసరం.

చివర్లో చీటీలు వస్తాయి. ఫలానా కీర్తన పాడమని, ఫలానా పదం పాడమని. అన్నీ పాడటం కుదరదు. ఒక చీటీ మాత్రం మరిచిపోలేను. అందులో పాట పేరు లేదు. "రెండో వరస చివర మా నాన్నగారు. ఇవాళే ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాం. ఏదైనా నెమ్మదిగా ఉండేది పాడగలరు" అని ఉంది. గాయకుడు చదివి, నాకిచ్చారు. నేను చదివి మృదంగం ఆయనకి ఇచ్చాను. ఏం పాడాలో ఎవరూ అనుకోలేదు. నీలాంబరి మొదలైంది. మృదంగం ఆయన వేళ్లతో కాకుండా గాలితో వాయిస్తున్నట్టు వాయించారు. ఆ పెద్దాయన కొడుకు భుజం మీద తల వాల్చారు. పాట అయ్యాక గాయకుడు చేతులు జోడించి చప్పట్లు వద్దని వారించారు. సభంతా ఎందుకని అడగకుండా ఊరుకుంది.

ఇక రేడియో. మా విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 1954 నుంచి రేడియో సంగీత సమ్మేళనాలని ఆహ్వానిత శ్రోతల సమక్షంలో పెడుతూ వచ్చారు, వాటిలో ముఖాలు ఉంటాయి. మామూలు స్టూడియో కచేరీలో ఉండవు. మందపాటి తలుపు, గోడకి ఎర్ర దీపం, అద్దం అవతల ఇద్దరు ఉద్యోగులు. నిశ్శబ్దం ఎంత ఉంటుందంటే మన ఊపిరి మనకే పెద్దగా వినబడుతుంది. మొదటిసారి అక్కడ వాయించినప్పుడు బావిలోకి రాయి విసిరి చప్పుడు కోసం చూస్తున్నట్టు అనిపించింది.

ఆ చప్పుడు ఎనిమిది రోజులకి వచ్చింది, పోస్టుకార్డు మీద. కేంద్రం వాళ్లు నాకు అందజేశారు. నీలి సిరా, గుండ్రని అక్షరాలు. "ఎనిమిది గంటల నలభై నిమిషాలకు మీ పంచమం తీగ కొద్దిగా దిగింది. రెండు నిమిషాలలో మీరే సరిచేసుకున్నారు. మోహన బాగున్నది. ఇట్లు, ఒక శ్రోత." నిజమే. ఏసీ పొడి గాలికి కొయ్య బిరడ జారింది. వాయిస్తూనే ఎడమ చేత్తో తిప్పుకున్నాను. అద్దం అవతల వాళ్లు కూడా గమనించలేదు. ఎక్కడో ఒక ఇంట్లో ఒక మనిషి రేడియో పక్కన గడియారం పెట్టుకుని, నా నాలుగు తీగల్నీ విడివిడిగా వింటున్నాడు. ఆ తర్వాత స్టూడియో నాకు ఖాళీగా అనిపించలేదు. ఐదారేళ్లలో అలాంటి కార్డులు మరో నాలుగు వచ్చాయి. ఎప్పుడూ అదే సిరా, అదే సంతకం. ఎప్పుడూ చిరునామా లేదు. ఒకదాంట్లో పొగడ్త ఉంటే ఒకదాంట్లో తప్పు. తర్వాత ఆగిపోయాయి. నేను అనుకోవలసింది అనుకున్నాను.

మొన్న శ్రీరామనవమి పందిట్లో కచేరీ అయ్యాక, వయొలిన్ తుడుచుకుంటున్నాను. ఒక పెద్దాయన చేతికర్రతో, కూతురి భుజం పట్టుకుని, మెల్లగా వేదిక దాకా వచ్చారు. నా వైపు తల ఎత్తి, "ఇవాళ పంచమం నిలబడిందండీ" అన్నారు. అంతే. వెనక్కి తిరిగారు.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. "అయ్యా, ఆ కార్డులు..." అన్నాను. ఆయనకి వినబడలేదో, విననట్టు ఊరుకున్నారో. కూతురే ఆగి చెప్పింది. "చెయ్యి వణుకుతోందండీ, రాయడం మానేశారు. గడియారం మాత్రం ఇప్పటికీ రేడియో పక్కనే."